ఒకే చప్పుడు, రెండు దారులు: పారలల్ ఎఫెక్ట్స్ రూటింగ్‌లో సమస్య - పరిష్కారం

విజయనగరంలో మా ఇంటి మేడ మీద గదే నా స్టూడియో. దసరా దగ్గరపడితే పైడితల్లమ్మ పాటలు రికార్డు చేయించుకునేవాళ్ళు వస్తారు. మిగతా రోజుల్లో జముకుల కథ చెప్పేవాళ్ళు, తప్పెటగుళ్ళ బృందాలు, వయొలిన్ నేర్చుకునే పిల్లలు వస్తుంటారు. నేను వాడేది రీపర్. కానీ ఇక్కడ చెప్పేవన్నీ ఏ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఎదురయ్యేవే. మెనూల పేర్లు మాత్రమే మారతాయి.

పారలల్ అంటే, అసలు ధ్వనిని ముట్టుకోకుండా దాని నకలు ఒకటి వేరే ట్రాక్‌కి పంపి, ఎఫెక్ట్ అంతా ఆ నకలు మీదే వేసి, చివర రెండింటినీ కలపడం. అసలుది డ్రై, ఎఫెక్ట్ వేసింది వెట్. నకలు వెళ్ళే దారి సెండ్, అది చేరే ట్రాక్ బస్. రీపర్‌లో కొత్త ట్రాక్ తీసుకుని, గొంతు ట్రాక్ మీదున్న రూట్ బటన్‌ని పట్టుకుని దాని మీదకి లాగి వదిలితే సెండ్ తయారు. పని అర నిమిషమే. తర్వాత "ఏదో తేడాగా ఉంది" అని మాత్రం గంటలు గంటలు కూర్చుంటాం. అప్పుడు ప్లగిన్ (ఎఫెక్ట్ ఇచ్చే చిన్న ప్రోగ్రాం) నాబ్‌లు తిప్పుతూ కూర్చోవద్దు. తప్పు చాలాసార్లు ప్లగిన్‌లో ఉండదు, దారిలో ఉంటుంది. ఒకే చప్పుడు రెండు దారుల్లో వచ్చి కలిసేటప్పుడు ఒకటి ఆలస్యమై ఉంటుంది, లేదా తలకిందులై ఉంటుంది, లేదా అనుకోకుండా మూడో దారి కూడా తెరుచుకుని ఉంటుంది.

అన్నిటికన్నా ముందు: నిశ్శబ్దం పరీక్ష

బస్ మీద, అసలు ట్రాక్ మీద ఉన్న ఎఫెక్ట్‌లన్నీ బైపాస్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆపండి. రెండు ఫేడర్లూ, సెండ్ లెవెలూ 0 డెసిబెల్ దగ్గర పెట్టండి. పాన్, అంటే కుడి ఎడమల సర్దుబాటు, మధ్యలో ఉండాలి. ఇప్పుడు బస్ ట్రాక్ మీద సున్నాకి అడ్డగీత ఉన్న ఫేజ్ బటన్ (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి ప్లే చేయండి. ఏమీ వినపడకూడదు. నిజంగా ఏమీ వినపడకపోతే రూటింగ్ సరిగ్గా ఉన్నట్టే. ఒకదాన్ని ఒకటి పూర్తిగా కొట్టేసుకున్నాయి కాబట్టి రెండూ ఒకే సమయానికి, ఒకే మోతాదులో చేరుతున్నాయి. చిన్నగానైనా వినపడితే దారిలో ఎక్కడో తేడా ఉంది.

పరీక్షలో నిశ్శబ్దం వచ్చాక ఫేజ్ బటన్ మామూలుగా పెట్టేసి, ప్లగిన్‌లను ఒక్కొక్కటిగా ఆన్ చేయండి. దేన్ని ఆన్ చేయగానే ధ్వని చెడిందో అదే దొంగ. రెండు నిమిషాల పని ఇది. కొత్త సెషన్ మొదలుపెట్టిన ప్రతిసారీ నేను తప్పకుండా చేస్తాను.

బస్ కలపగానే చప్పుడు ఎక్కువైంది, "బాగుంది" అనిపించింది

ఇది సమస్యలా కనపడదు కాబట్టే ముందు చెబుతున్నాను. ఒకే ధ్వనిని అదే మోతాదులో రెండోసారి కలిపితే 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. బిగ్గరగా ఉన్నదేదైనా మన చెవికి మెరుగ్గానే అనిపిస్తుంది. కంప్రెసర్ (బిగ్గర చప్పుళ్ళని నొక్కి మోతాదుని సమం చేసే ఎఫెక్ట్) గొప్పగా పనిచేస్తోందని సంబరపడతాం, నిజానికి పెరిగింది చప్పుడే. బస్ కలిపాక మొత్తం లెవెల్‌ని పాత స్థాయికి దించి, ఆ తర్వాత పోల్చి వినండి. అప్పటికీ బాగుంటే నిజంగా బాగున్నట్టు.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. గొంతు ట్రాక్ ఒక ఫోల్డర్‌లో ఉండి, దాని ధ్వని ఫోల్డర్ ద్వారా, అన్ని ట్రాకులూ చివరికి కలిసే మాస్టర్‌కి వెళ్తూ, పాతదొక సెండ్ తీసేయడం మరచిపోయి ఇంకో బస్ ద్వారా కూడా వెళ్తుంటుంది. ట్రాక్ రూటింగ్ కిటికీ తెరిచి మాస్టర్ సెండ్ టిక్ ఎక్కడెక్కడ ఉందో, సెండ్‌లు ఎన్ని ఉన్నాయో వేలు పెట్టి లెక్కపెట్టండి.

జముకు డొల్లగా వినపడుతోంది

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. నన్ను ఒక రాత్రంతా నిద్రపోనివ్వని సమస్య ఇది.

జముకుకి ఒకవైపు తోలు, ఆ తోలు మధ్య నుంచి ఒక తీగ. తీగని బిగించి మీటితే లోతైన 'డుం' వస్తుంది. బిగింపు మార్చితే ఆ స్వరం సాగుతూ పైకీ కిందికీ జారుతుంది. కథలో ఏడుపు ఘట్టం వచ్చినప్పుడు గొంతుతో పాటు ఆ జముకు కూడా ఏడుస్తుంది. దాని ప్రాణమంతా అడుగు స్వరంలోనే ఉంది. నేను దాన్ని ఇంకా నిండుగా చేద్దామని బస్ మీద గట్టి కంప్రెసర్ పెట్టాను. కంప్రెసర్‌కి అడుగు స్వరాలు ఎక్కువగా తగిలి ఊగిపోతోందని, దాని ముందు 120 హెర్ట్జ్ దగ్గర, అంతకన్నా కింది స్వరాల్ని తగ్గించే ఒక హైపాస్ ఫిల్టర్ కూడా పెట్టాను. అంతవరకు పుస్తకంలో చెప్పినట్టే చేశాను. మర్నాడు కథ చెప్పే పెద్దాయన వచ్చి విని, "ఏటి బాబూ, జముకు రేకు డబ్బాలా ఇనబడతంది?" అన్నారు. ఆయన మాటే నిజం. బస్ మ్యూట్ చేస్తే జముకు నిండుగా ఉంది, బస్ కలిపితే పలచబడుతోంది. చప్పుడు కలుపుతుంటే చప్పుడు తగ్గడమేమిటి?

కారణం ఆ ఫిల్టరే. ఇలా స్వరాల మోతాదు మార్చే మామూలు ఈక్వలైజర్ (ఈక్యూ) ఏదైనా మోతాదుతో పాటు ఫేజ్‌ని కూడా తిప్పుతుంది. నేను పెట్టింది ఆక్టేవ్‌కి 24 డెసిబెళ్ళ వాలు ఉన్న ఫిల్టర్. అలాంటి మామూలు ఫిల్టర్‌లో కట్-ఆఫ్ దగ్గర, అంటే నా విషయంలో సరిగ్గా 120 హెర్ట్జ్ దగ్గర, ధ్వని 3 డెసిబెళ్ళు తగ్గి, ఫేజ్ 180 డిగ్రీలు తిరిగిపోతుంది. 180 అంటే పూర్తిగా తలకిందులు. అసలు ధ్వని పైకి తోస్తుంటే నకలు కిందికి లాగుతుంది. రెండూ సమానంగా కలిపితే అక్కడ 10 డెసిబెళ్ళకు పైగా గుంట పడుతుంది. నకలుని ఇంకో 3 డెసిబెళ్ళు పెంచితే ఆ స్వరం దాదాపు మాయమే. నేను బస్ పెంచేకొద్దీ జముకు ఇంకా ఎందుకు చిక్కిపోయిందో అప్పుడు అర్థమైంది.

దీనికి పరిష్కారం సులువు. బస్‌లోంచి హైపాస్ తీసేయండి. కంప్రెసర్ అడుగు స్వరాలకి ఊగకూడదంటే, కంప్రెసర్ 'వినే' దారిలో మాత్రమే ఫిల్టర్ పెట్టండి. రీపర్‌తో వచ్చే రియాకాంప్‌లో హైపాస్ నాబ్ ఉన్నది ఇందుకే. అది మనకు వినపడే ధ్వనిని కత్తిరించదు, ఎప్పుడు నొక్కాలో నిర్ణయించే భాగానికి మాత్రమే అడుగు స్వరాలు అందకుండా చేస్తుంది. బస్ మీద నిజంగానే ఈక్యూ కావాలంటే, ఫేజ్‌ని ఇలా తిప్పని లీనియర్ ఫేజ్ ఈక్యూ వాడండి, లేదా అదే ఫిల్టర్‌ని అసలు ట్రాక్, బస్ రెండూ కలిసిన తర్వాత వేయండి.

రివర్బ్ (గదిలో ప్రతిధ్వనించినట్టు చేసే ఎఫెక్ట్) బస్‌కి ఈ బాధ లేదు. రివర్బ్ ధ్వని అసలు ధ్వనికి అచ్చమైన నకలు కాదు కాబట్టి, దానికి హైపాస్ ధైర్యంగా పెట్టుకోవచ్చు. కంప్రెషన్, శాచురేషన్ లాంటివే జాగ్రత్తగా చూడాలి.

తప్పెట దెబ్బలో గొట్టంలోంచి వచ్చినట్టు 'ష్వూ' అనే చప్పుడు

తప్పెటగుళ్ళలో తప్పెటని రొమ్ముకి కట్టుకుని అరచేతుల్తో వాయిస్తారు, గజ్జెలు ఉండనే ఉంటాయి. దెబ్బ పదునుగా ఉంటుంది కాబట్టి సమయంలో కొద్ది తేడా వచ్చినా వెంటనే తెలిసిపోతుంది. నకలు 1 మిల్లీసెకను ఆలస్యమైతే, అంటే 48 కిలోహెర్ట్జ్ సెషన్‌లో 48 శాంపిళ్ళు, 500 హెర్ట్జ్ దగ్గర, 1500 దగ్గర, 2500 దగ్గర ఇలా వరుసగా గుంటలు పడతాయి. దువ్వెన పళ్ళలా ఉంటాయి కాబట్టి దాన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు.

ముందుచూపు ఉన్న కంప్రెసర్లు, లీనియర్ ఫేజ్ ఈక్యూలు, ఓవర్‌శాంప్లింగ్ చేసే ప్లగిన్‌లు కొంత ఆలస్యం తెస్తాయి. ఎంత తెస్తున్నాయో అవి సాఫ్ట్‌వేర్‌కి చెబితే, సాఫ్ట్‌వేర్ మిగతా ట్రాకుల్ని అంతే ఆపి సరిచేస్తుంది. ప్లగిన్ తప్పు లెక్క చెబితేనే తంటా. అనుమానం ఉన్న ప్లగిన్‌లో అన్ని నాబ్‌లూ ఏ పనీ చేయని స్థితిలో పెట్టి, పైన చెప్పిన నిశ్శబ్దం పరీక్ష మళ్ళీ చేయండి. నిశ్శబ్దం రాకపోతే, బస్ మీద శాంపిళ్ళ లెక్కన జరిపే టైమ్ అడ్జస్ట్‌మెంట్ ప్లగిన్ పెట్టి, ఎక్కువ నిశ్శబ్దం ఎక్కడ వస్తుందో వెతకండి. లేకపోతే ఆ ప్లగిన్ వదిలేసి ఇంకోటి వాడండి. నేనైతే రెండోదే చేస్తాను.

ఒకే ఒక్క ప్లగిన్ కోసం అయితే బస్ ఎందుకు? రీపర్‌లో ప్రతి ప్లగిన్ కిటికీ పైన వెట్ నాబ్ ఉంటుంది. రియాకాంప్‌లో వెట్, డ్రై రెండూ విడిగా ఉన్నాయి. 2023లో వచ్చిన రీపర్ 7లో ఒక ఎఫెక్ట్‌ని దాని ముందున్న ఎఫెక్ట్‌తో పారలల్‌గా నడిపే సదుపాయం కూడా చెయిన్‌లోనే ఇచ్చారు. దారి ఎంత పొట్టిదైతే తప్పిపోయే అవకాశం అంత తక్కువ.

"నా గొంతు నాకే ఇద్దరు పాడినట్టు ఇనపడతంది బాబూ"

హెడ్‌ఫోన్ పెట్టుకున్న ప్రతి రెండో గాయకుడూ ఈ మాట అంటాడు. రికార్డింగ్ బాగానే ఉంటుంది, తేడా అతనికి వినపడేదాంట్లోనే ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ ఆన్ అయి ఉంది కాబట్టి గొంతు ఆలస్యం లేకుండా చెవికి చేరుతోంది. సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ కూడా ఆన్‌లో ఉంది కాబట్టి అదే గొంతు కంప్యూటర్ చుట్టూ తిరిగి మళ్ళీ వస్తోంది. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి తీసుకునే శాంపిళ్ళు) 256 పెడితే రావడానికి 5.3 మిల్లీసెకన్లు, పోవడానికి ఇంకో 5.3. రెండూ కలిపితే 12 అడుగుల దూరంలో నిలబడి ఎవరో తన గొంతుతోనే తనతో పాటు పాడుతున్నట్టు. శ్రుతి పట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ పూర్తిగా ఆపేస్తే ఈ బాధ పోతుంది కానీ, రివర్బ్ కూడా పోతుంది. రివర్బ్ లేకుండా పాడమంటే చాలామందికి నోరు పెగలదు. అందుకని నేను చేసేది ఇది: సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ ఆన్‌లోనే ఉంచి, గొంతు ట్రాక్‌కి మాస్టర్ సెండ్ టిక్ మాత్రం తీసేస్తాను. రివర్బ్ బస్‌కి వెళ్ళే సెండ్ అలాగే ఉంటుంది. బస్‌లో రివర్బ్ పూర్తి వెట్, డ్రై సున్నా. ఇప్పుడు డ్రై గొంతు ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా వస్తుంది, కంప్యూటర్ నుంచి రివర్బ్ మాత్రమే వస్తుంది. రివర్బ్ 10 మిల్లీసెకన్లు ఆలస్యమైనా ఎవరికీ పట్టదు, ప్రీ-డిలే (రివర్బ్ కొంచెం ఆగి మొదలవడం) పెట్టినట్టే ఉంటుంది. రికార్డయ్యేది మాత్రం శుభ్రమైన డ్రై గొంతే. పని అయ్యాక ఆ టిక్ మళ్ళీ పెట్టడం మరచిపోకండి. మరచిపోతే మిక్స్‌లో గొంతు బావిలోంచి వస్తుంది.

గొంతు ఫేడర్ దించాను, రివర్బ్ మాత్రం పోలేదు

సెండ్ ప్రీ-ఫేడర్‌లో ఉంది, అంటే నకలు ఫేడర్‌కి ముందే బయల్దేరుతోంది; ఫేడర్ తర్వాత బయల్దేరితే పోస్ట్-ఫేడర్. రివర్బ్‌కి, డిలేకి పోస్ట్-ఫేడర్ పెట్టండి, గొంతుతో పాటే అదీ దిగుతుంది.

కంప్రెషన్ బస్‌కి మాత్రం ఇది తిరగబడుతుంది. అక్కడ పోస్ట్-ఫేడర్ పెట్టి, చరణంలో గొంతు ఫేడర్‌ని 4 డెసిబెళ్ళు దించారనుకోండి. కంప్రెసర్‌కి చేరేది కూడా 4 తగ్గి, అది నొక్కడం మానేస్తుంది. పల్లవిలో ఉన్న రంగు చరణంలో ఉండదు. అందుకే కంప్రెషన్‌కి ప్రీ-ఫేడర్ పెట్టి, అసలు ట్రాకునీ బస్‌నీ కలిపి ఒక ఫోల్డర్‌లో వేసి, ఎత్తడం దించడం ఆ ఫోల్డర్ ఫేడర్‌తోనే చేయండి. రివర్బ్‌కి వెళ్ళే సెండ్ కూడా ఆ ఫోల్డర్ నుంచే తీసుకుంటే ఇంకా మంచిది.

వయొలిన్‌కి రివర్బ్ వేస్తే దగ్గరికొచ్చి కూర్చుంటోంది, దూరం జరగడం లేదు

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు ఇది. 1919లో పెట్టిన సంగీత కళాశాల పుణ్యమా అని మా దగ్గర వయొలిన్‌కి కొదవ లేదు, కాబట్టి ఈ సమస్యకీ కొదవ లేదు. రివర్బ్ బస్‌లో ప్లగిన్ మిక్స్ 30 శాతం దగ్గర ఉండిపోయి ఉంటుంది. చాలా ప్లగిన్‌లు తెరవగానే అలాగే ఉంటాయి. అంటే బస్ పెంచినప్పుడల్లా మీరు పెంచుతున్నదాంట్లో సగానికి పైగా డ్రై వయొలినే. మిక్స్ 100 చేయండి, లేదా డ్రై నాబ్‌ని పూర్తిగా దించేయండి.

సోలో నొక్కితే రివర్బ్ మాయం

సోలో అంటే ఎంచుకున్న ట్రాక్‌ని మాత్రమే వినిపించే బటన్. అది నొక్కినప్పుడు బస్ ఆగిపోకుండా రక్షణ లేదు. రీపర్‌లో బస్ సోలో బటన్ మీద రైట్ క్లిక్ చేసి సోలో డిఫీట్ పెట్టండి. ప్రో టూల్స్‌లో అయితే విండోస్‌లో కంట్రోల్ కీ, మ్యాక్‌లో కమాండ్ కీ పట్టుకుని సోలో నొక్కాలి.

హెడ్‌ఫోన్‌లో అద్భుతం, గుడి మైకు సెట్లో సగం లేదు

ఊరి మైకు సెట్లు చాలావరకు మోనోయే. బస్ మీద కుడి ఎడమల్ని వెడల్పు చేసే ఎఫెక్ట్ ఉంటే, రెండూ కలిసేటప్పుడు అదే కొట్టుకుపోతుంది. మాస్టర్ ట్రాక్‌లో మోనో బటన్ నొక్కి వినండి. పారలల్ ధ్వని అక్కడ కుంగితే వెడల్పు తగ్గించండి. పండగ పాట మొదట వినపడేది ఆ మైకు సెట్లోనే, మన హెడ్‌ఫోన్‌లో కాదు.

స్టెమ్స్ పంపాను, అవతలివాళ్ళు "ఇవి మీ మిక్స్‌లా లేవు" అన్నారు

స్టెమ్స్ అంటే పాటలోని ఒక్కో భాగాన్ని విడి ఫైలుగా తీసినవి. గొంతు ట్రాక్ మాత్రమే ఎంచుకుని రెండర్ చేస్తే (ఫైలుగా తీస్తే), బస్‌లో ఉన్న రివర్బూ కంప్రెషనూ ఆ ఫైల్లోకి రావు. బస్‌లని కూడా ఎంచుకుని విడి ఫైళ్ళుగా రెండర్ చేయండి. అన్నిటినీ పాట మొదలు నుంచి ఒకే పొడవుతో తీయండి. పంపేముందు వాటిని ఖాళీ ప్రాజెక్టులోకి లాగి, అసలు మిక్స్ పక్కన పెట్టి, ఫేజ్ తిప్పి, మళ్ళీ అదే నిశ్శబ్దం పరీక్ష చేయండి. మాస్టర్ మీద కంప్రెసరో లిమిటరో ఉంటే దాన్ని ముందే ఆపాలి, లేకపోతే అన్నీ సరిగ్గా ఉన్నా నిశ్శబ్దం రాదు.