పర్లాకిమిడి వైపు పాత ఇంటిని ఊరి మ్యూజియంగా నడపడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, రాయగడ... ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ ఊళ్లలో పాత వీధుల్లోకి వెళ్తే తాళం వేసిన మండువా ఇళ్లు కనిపిస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లు పోయారు, పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు, అటక మీద తాతగారి పెట్టెలు అలాగే ఉన్నాయి. అమ్మేస్తే రేపే పడగొడతారు. అమ్మకుండా నలుగురూ వచ్చి చూసేలా ఉంచాలని ఆశపడేవాళ్లూ ఉన్నారు, ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను.

ముందే ఒక మాట. మ్యూజియం ప్రారంభించడం కష్టం కాదు, వారం రోజులు తిరిగితే ఎమ్మెల్యేగారు వచ్చి రిబ్బను కట్ చేస్తారు. ఆరో నెల కరెంటు బిల్లు ఎవరు కడతారు, వానాకాలంలో పెంకు జారితే ఎవరు ఎక్కుతారు, అదీ అసలు సంగతి. మన సరిహద్దు ఊళ్లలో దీనికి జవాబు ఒక్కటే: ఆ ఇల్లు వీధి మొత్తానిది కావాలి. "తెలుగువాళ్ల మ్యూజియం" అని పేరు పెడితే సగం వీధి గడప తొక్కదు, "ఒడియావాళ్లది" అంటే మిగతా సగం తొక్కదు. రెండు భాషలవాళ్లూ, కొండ మీది సవర గిరిజనులూ ఇది మాది అనుకుంటేనే ఆ ఇల్లు నిలబడుతుంది.

మొదట కాగితాలు

ఇల్లు ఎవరి పేరున ఉందో పట్టాలో చూడండి. చాలా ఇళ్లు ఇప్పటికీ ముత్తాత పేరునే ఉంటాయి. వారసులందరూ ఒప్పుకోవాలి, అందరూ అంటే ఆడపిల్లలు కూడా. 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. "అక్కయ్య ఏమీ అనదులే" అని వదిలేసిన సంతకం పదేళ్ల తర్వాత కోర్టు మెట్లు ఎక్కిస్తుంది. ఇల్లు రాసివ్వడం ఇష్టం లేకపోతే లీజుకు ఇవ్వవచ్చు, కానీ ఏడాదికి మించిన లీజు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. 11 నెలల కాగితం మీద మ్యూజియం నడపకండి, ఆ కాగితాన్ని నమ్మి దాతలెవరూ డబ్బు పెట్టరు.

తర్వాత సొసైటీ. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆ ఏడుగురూ ఒకే కుటుంబంవాళ్లు, ఒకే కులంవాళ్లు అయితే అది ఇంటి ట్రస్టు అవుతుంది తప్ప ఊరిది కాదు. రిటైరైన ఒడియా మాస్టారు ఒకరు, వీధిలో అందరూ పిన్నిగారు అని పిలిచే ఒక పెద్దావిడ, ఒక మేస్త్రీ, లెక్కలు రాయగలిగిన ఒక కుర్రాడు, సవర గ్రామం నుంచి ఒకరు, ఇలా చూసుకోండి. మేస్త్రీ కమిటీలో ఉంటే ఎంత ఉపయోగమో మొదటి వానకే తెలుస్తుంది.

ఇల్లు ఏ కథ చెప్పాలి?

ఇంట్లో ఉన్నవన్నీ బయట పెడితే అది మ్యూజియం కాదు, సామాన్ల కొట్టు. ఒక కథ ఎంచుకోండి, మిగతావి లోపలి గదిలో జాగ్రత్తగా ఉంచండి.

పర్లాకిమిడికైతే 1936 అనే ఒక్క సంవత్సరం చాలు, ఒక గది నిండుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడింది, దాని కోసం గట్టిగా కృషి చేసినవారిలో పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి ఒకరు. పట్టణం ఒడిశాలో చేరడంతో, అక్కడ దశాబ్దాల పాటు ఉపాధ్యాయుడిగా, వాడుక భాషా ఉద్యమకారుడిగా బతికిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన సవరల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. సరిగ్గా అదే 1936లో గుణుపురం వైపు మంగేయి గోమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. ఒకే ఏడాది, ఒకే నేల, మూడు భాషలు. ఒకరికి పండుగైన రోజు ఇంకొకరికి ఊరు వదిలిన రోజు. ఈ మూడు సంగతులూ ఒకే గోడ మీద పక్కపక్కన పెట్టే ధైర్యం చేయండి. ఒకటి దాచి ఒకటి చూపిస్తే వచ్చినవాళ్లు కనిపెట్టేస్తారు.

మీ ఇల్లు ఇంత పెద్ద చరిత్ర ఉన్నది కాకపోవచ్చు, పర్వాలేదు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి వచ్చి, 1931 నాటికి గుణుపురం దాకా సాగిన చిన్న రైలులో పనిచేసిన గార్డు ఇల్లు కావచ్చు, బరంపురం పట్టు నేసిన కుటుంబానిది కావచ్చు, కొమ్ముతో దువ్వెనలు, బొమ్మలు చేసే పనివాళ్లది కావచ్చు. నన్నడిగితే రాజుగారి కుర్చీ కంటే మగ్గం గుంటే ఎక్కువ చెబుతుంది.

రిజిస్టరు: దీన్ని మాత్రం వాయిదా వేయకండి

ఒక్క వస్తువు కూడా రిజిస్టరులోకి ఎక్కకుండా గడప దాటి లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. గట్టి అట్ట పుస్తకం కొనండి, పేజీలకు నంబర్లు వేయండి, చెరగని సిరాతో రాయండి, నెలకోసారి ఫొటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. కంప్యూటర్ తర్వాత సంగతి.

ఒక భోషాణం వచ్చిందనుకోండి. నంబరు 2025.14, అంటే ఆ ఏడాది వచ్చిన పద్నాలుగో వస్తువు. ఏ కర్ర, పొడవు, వెడల్పు, ఎత్తు. ఎడమ వైపు మూత బందు విరిగి ఉంది, అడుగున చెదలు తిన్న గుర్తు, లోపల పసుపు మరక. ఎవరిచ్చారు, శాశ్వతంగా ఇచ్చారా, చూపించడానికి ఇచ్చారా, సంతకం. ఆ తర్వాత అసలైన గడి: దీని గురించి ఇంట్లోవాళ్లు ఏం చెప్పారు? "ఇందులో ధాన్యం కాదు, అమ్మమ్మ పెళ్లి చీరలు ఉండేవి, తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది" అని ఎవరైనా అంటే ఆ మాటలు ఆ మాటలుగానే రాసుకోండి, వీలైతే ఫోనులో రికార్డు చేయండి. పెట్టె ఎన్నేళ్లైనా ఉంటుంది, చెప్పే మనిషి ఉండరు. నంబరును వస్తువు మీద పెయింటుతో రాయొద్దు, స్టిక్కరు అసలే వద్దు. నూలు దారంతో అట్టముక్క కట్టండి.

చట్టం గురించి మూడు జాగ్రత్తలు. 100 ఏళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు, 75 ఏళ్లు దాటిన విలువైన చేతిరాత ప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, కొన్ని రకాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గోడకు జింక కొమ్ములు, పులి చర్మం, ఏనుగు దంతం ఉంటే యజమాని సర్టిఫికెట్ ఉందో లేదో చూసి, లేకపోతే ముందు అటవీ శాఖను కలవండి. పాత తుపాకీ ఉంటే పోలీస్ స్టేషనుకు చెప్పకుండా ముట్టుకోవద్దు.

శుభ్రం చేయాలనే తొందర వద్దు

ఇత్తడి గంగాళాన్ని చింతపండు పెట్టి తోమేయాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు, వారం వారం తోమితే పైనున్న చెక్కడం అరిగిపోతుంది, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. పట్టు చీరలు మడతల దగ్గరే చిరుగుతాయి కాబట్టి మడత పెట్టకుండా, ఉతికిన నూలు గుడ్డ పరిచి గొట్టానికి చుట్టండి. పాత ఫొటోలకు లామినేషన్ చేయించకండి, ఒకసారి చేశాక విడదీయలేం. తాటాకు ప్రతులను మెత్తని కుంచెతో దులిపి, చెక్క పలకల మధ్య నూలు గుడ్డలో చుట్టి ఉంచండి. ఆకు పెళుసెక్కి విరుగుతుంటే అక్కడే ఆగి భువనేశ్వర్‌లో ఉన్న, పాత వస్తువులను కాపాడే ఇంటాక్ సంస్థ కన్జర్వేషన్ సెంటర్‌వాళ్లను అడగండి. బట్టలకూ కాగితాలకూ వెలుగు శత్రువు, నిపుణులు చెప్పే హద్దు 50 లక్సులు (లక్సు వెలుగుకు కొలత), అంటే చదవడానికి కాస్త కష్టపడేంత మసక. కాబట్టి కిటికీకి ఎదురుగా పెట్టకండి, మూడు నెలలకోసారి మార్చి వేరేవి పెట్టండి. బీరువాలను గోడకు ఆనించకుండా జానెడు దూరంలో, ఇటుకల మీద ఉంచితే చెదలు ఎక్కితే కనిపిస్తాయి.

గోడల విషయంలో మాత్రం మొండిగా ఉండండి. సున్నపు గోడకు సిమెంటు పూత వేయనివ్వకండి. పాత గోడ తేమను పీల్చి వదులుతూ ఉంటుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది, రెండు మూడు వానాకాలాల్లో లోపలి ఇటుక పొడి అయిపోతుంది. గానుగ సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి పని చేసిన ముసలి మేస్త్రీ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారేమో వెతకండి, ఆయన పక్కన ఇద్దరు కుర్రాళ్లను పెట్టండి.

డబ్బు

టికెట్ మీద ఇల్లు నడవదు. నెలవారీ చందా మీద నడుస్తుంది. 150 కుటుంబాలు నెలకు 100 రూపాయలిస్తే 15,000 అవుతుంది, కరెంటుకూ, ఊడ్చే మనిషికీ, చిన్న మరమ్మతులకూ అందులోంచే ఖర్చు పెట్టండి. ప్రతి నెలా జమాఖర్చు తెలుగులో, ఒడియాలో రాసి వీధి అరుగు దగ్గర అంటించండి. చందా ఆగిపోవడానికి పేదరికం కంటే అనుమానం పెద్ద కారణం.

పెద్ద మొత్తాలకు అందరూ 80జి అని పిలిచే పన్ను మినహాయింపు తెచ్చుకోండి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే దాతకు ఆ మినహాయింపు రాదు, కాబట్టి బ్యాంకు ద్వారానే తీసుకోండి. పాత కట్టడాల పునరుద్ధరణ కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చు పెట్టే సీఎస్ఆర్ పనుల జాబితాలో ఉంది, కానీ బయటి సంస్థకు ఇవ్వాలంటే మూడేళ్ల అనుభవం చూస్తారు, అందుకే మొదటి రోజు నుంచే లెక్కలు ఆడిట్ చేయించండి. అమెరికాలో ఉన్న మీ మేనల్లుడికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళమే, దానికి వేరే అనుమతి కావాలి.

తలుపు తెరిచే రోజులు

వారమంతా తెరవాలని మొదలుపెట్టి నెలకే అలిసిపోతారు. శని, ఆదివారాలు చాలు, కానీ చెప్పిన వేళకు కచ్చితంగా తెరవండి. వివరాల చీటీలు ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లోనూ ఒకే సైజు అక్షరాలతో రాయండి. ఒక భాష పెద్దగా, ఇంకోటి కింద చిన్నగా ఉంటే ఆ చిన్న అక్షరాలవాళ్లు బాధపడతారు. ఏప్రిల్ 1న ఉత్కళ దివస్, ఆగస్టు 29న గిడుగువారి జయంతి, రెండూ అదే మండువాలో చేయండి, ఒకదానికి వచ్చినవాళ్లను రెండోదానికి మీరే వెళ్లి పిలవండి. బడి పిల్లలు వస్తే అద్దాల వెనక నుంచి చూపించి పంపేయకండి. తిరగలి, రోలు లాంటి గట్టి వస్తువులు రెండు మూడు విడిగా పెట్టి తిప్పనివ్వండి, దంచనివ్వండి.

అక్టోబరుకు ముందు

తుఫానులు ఈ నెలలోనే ఎక్కువ భయం: ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. ఈ మూడు తేదీలూ కమిటీ గోడ మీద రాసి ఉంచండి. వేసవిలోనే పెంకులు సర్దించి, కాలువలు శుభ్రం చేయించండి. సెప్టెంబరు ఆఖరుకల్లా టార్పాలిన్లు, తాళ్లు, మూతలు బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలు సిద్ధంగా ఉండాలి. నేల మీదున్న కాగితాలు, బట్టలు మొదట పైకెక్కాలి. రిజిస్టరు ఒక సభ్యుడి ఇంటికి, దాని నకలు నది అవతల పాతపట్నంలోనో మరో ఊళ్లోనో ఇంకొకరి ఇంటికి వెళ్లాలి. ఎవరు ఏది మోయాలో పేర్లతో సహా తలుపు వెనక అంటించండి, తాళంచెవులు మూడు చేయించి ముగ్గురి దగ్గర ఉంచండి, వాళ్లలో ఒక్కరైనా ఆ వీధిలోనే ఉండేవాళ్లు కావాలి.