చెప్పకుండా డ్యూటీ మానేయాల్సి వస్తే

తెల్లవారుజామున జ్వరం ముంచుకొచ్చి ముందుగా సెలవు చెప్పే వీల్లేకపోతే, షిఫ్ట్ మొదలయ్యేలోపే సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టండి: "జ్వరంగా ఉందండీ, ఈ రోజు రాలేను, ఆస్పత్రికి వెళ్తున్నాను." ఫోన్ చేసి ఊరుకుంటే రేపు రుజువుండదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ కూడా చేయండి.

ఈఎస్‌ఐ (జీతంలోంచి చందా కట్టే ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉంటే మొదటి రోజే ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: నాలుగో రోజు వెళ్తే, గడిచిన రోజులకు మెడికల్ సర్టిఫికెట్ రావడం కష్టం. ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో (చందా లెక్కించే కాలంలో) కనీసం 78 రోజుల చందా పడి ఉంటే, జబ్బుతో రాలేని రోజులకు, ఏడాదిలో 91 రోజుల వరకు, జీతంలో 70 శాతం వస్తుంది. అంత డబ్బు వదులుకోవద్దు.

గైర్హాజరు నోటీసు ఇంటికొస్తే, భయపడి పోస్ట్‌మ్యాన్‌ని తిప్పి పంపకండి. తీసుకుని, గడువులోగా జవాబు రాసి, సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి పంపండి. పోస్టు రసీదు దాచుకోండి.