ఫించ్‌లు జత కట్టడం లేదా? ముందు చెవి ఒగ్గండి

అమలాపురం చుట్టుపక్కల తెలిసినవాళ్ల ఇళ్లలో జీబ్రా ఫించ్‌లు (పంజరంలో పెంచుకునే చిన్న పిట్టలు) పిల్లలు చేయకపోతే నాకు ఫోన్ వస్తుంది. గూడు మార్చామంటారు, కాల్షియం పెట్టామంటారు, మందేదైనా చెప్పమంటారు. నేను అడిగేది ఒక్కటే: ఆ రెండింట్లో పాడేది ఏది? అటునుంచి మాట రాదు.

సమస్య: అంటుకుని కూర్చుంటాయి, ఒకదాని మెడ ఒకటి దువ్వుకుంటాయి, పిల్లలు మాత్రం లేవు.

రెండూ పోతులో, రెండూ పెట్టలో అయ్యుంటాయి. కలిసి పెరిగిన రెండు పోతులు అచ్చం మొగుడూ పెళ్లాల్లాగే ఉంటాయి. బూడిద రంగు రకంలో పోతుకు బుగ్గమీద నారింజ మచ్చ, పక్కల్లో తెల్ల చుక్కల ఇటుక రంగు ఉంటాయి. తెల్ల రకంలో ముక్కే ఆధారం: పోతుది ముదురు ఎరుపు, పెట్టది లేత నారింజ. పంజరంలో పెంచే ఇంకో జాతి, బెంగాలీస్ ఫించ్‌లలో ఆ తేడా కూడా కనబడదు. ఏ రకమైనా పాడేది పోతు మాత్రమే. రెండింటినీ వేరు పంజరాల్లో పెట్టి రెండు రోజులు వినండి. గూట్లో 8, 10 గుడ్లు పోగై ఒక్కటీ పిల్ల కాలేదంటే నా మొదటి అనుమానం రెండూ పెట్టలే అయ్యుంటాయని. ముక్కు ఇంకా నల్లగా ఉందా, అవి పిల్లలు. 6 నెలలు నిండేదాకా గూడు పెట్టకండి.

సమస్య: ఒకటి పోతు, ఒకటి పెట్ట, అనుమానం లేదు. అయినా పాత జోడీని విడదీసి తెచ్చిన కొత్తదాన్ని దగ్గరికి రానివ్వదు.

దీని దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. మా పాత పోతు పిల్లల ఈకలు పీకేస్తుంటే విడదీసి, పెరట్లో కొబ్బరి డొక్కలు వేసే షెడ్డులో పెట్టాను. పెట్టకు కొత్త పోతును తెచ్చాను. అది పాడుతుంది, గెంతుతుంది. ఇదేమో పుల్ల చివర కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది. దగ్గరికొస్తే ముక్కుతో పొడుస్తుంది. కొర్రలు మార్చాను, ముంత మార్చాను, రావులపాలెం వెళ్లి ఇంకో పోతును కూడా తెచ్చాను. 20 రోజులు పోయాయి.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగగానే పెట్ట మెడ సాచి గట్టిగా ఒక కూత కూసింది. షెడ్డులోంచి జవాబొచ్చింది. మళ్లీ ఇది, మళ్లీ అది. అన్ని రోజులూ రెండూ మాట్లాడుకుంటూనే ఉన్నాయి, ఫ్యాన్ మోతలో నాకే వినబడలేదు.

వీటి సొంత ఊరు ఆస్ట్రేలియా బయళ్లు. అక్కడ గుంపులో విడిపోయినా జోడీని కూతతోనే పట్టుకుంటాయి, గొంతు గుర్తుపడతాయి. ఆ కూత వినబడినన్నాళ్లూ మొగుడు బతికే ఉన్నాడు కదా, కొత్త సంబంధం ఎందుకు ఒప్పుకుంటుంది? కంటికి కనబడకుండా దాస్తే చాలదు, చెవికి అందకూడదు. పక్క గది, మేడ మీద, ఎదురిల్లు, ఏవీ పనికిరావు. నేను పాతదాన్ని పాలకొల్లులో మా పిన్ని ఇంటికి పంపేశాను. పెట్ట మూడు రోజులు తెగ పిలిచింది, తర్వాత మానేసింది. ఇంకో వారానికి కొత్తదాని పక్కన చేరి మెడ వంచింది.

కొత్తదాన్ని పాత పంజరంలో తోసేయకండి. రెండు పంజరాలు పక్కపక్కన మూడు నాలుగు రోజులు ఉంచి, ఆ తర్వాత రెండింటికీ కొత్తదైన మూడో పంజరంలో కలపండి. వీలైతే రెండు మూడు పోతుల్లోంచి పెట్టనే ఎంచుకోనివ్వండి, మనం కుదిర్చిన సంబంధం కంటే అదే నయం. మొదటి గంట దగ్గరుండి చూడాలి. తల మీద ఈకలు ఊడుతుంటే విడదీసేయండి. కలిసి కూర్చునేదాకా గూడు పెట్టొద్దు, దానికోసమే కొట్టుకుంటాయి. పాతదాన్ని కనీసం మొదటి విడత పిల్లలు ఎగిరేదాకా ఇంటికి తేకండి. జోడీ చచ్చిపోయిన పిట్టకైతే ఈ తంటా లేదు, కొద్ది రోజులాగి తోడు తెస్తే చాలు.

పేలు, ముసలితనం, జబ్బు కూడా కారణాలే కానీ అరుదు, పై రెండూ తేలాక చూసుకోండి. పొలాల్లో పట్టిన మునియాను (పిచ్చుకలాంటి చిన్న అడవి పిట్ట) జత చేస్తామని ఎవరైనా అమ్మజూపితే కొనకండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

గూటికి మన కొబ్బరి పీచు బాగానే పనికొస్తుంది, కాకపోతే బెత్తెడు లోపే కత్తిరించి వేయండి. పొడుగ్గా ఉంటే కాళ్లకు చుట్టుకుంటుంది.