విపత్తులో మొబైల్ నెట్‌వర్క్ – 4వ పాఠం: గడప దాటాక చోటు దొరకాలి

పోయిన పాఠం చివరి లెక్క చాలామందికి తప్పింది. అది తేలకుండా ముందుకు వెళ్తే తర్వాతి పాఠాలు నిలబడవు కాబట్టి ఈసారి దానితోనే ఆగుదాం.

లెక్క ఇది. పెద్ద ప్రమాదం జరిగిన చోట టవరు కిక్కిరిసింది. ప్రతి సిమ్‌లోనూ యాక్సెస్ క్లాసు అనే సంఖ్య ఉంటుంది, రద్దీలో ఎవరిని ఆపాలో దానితోనే చెబుతారు. ఆపరేటర్ 0 నుంచి 9 వరకు ఉన్న మామూలు యాక్సెస్ క్లాసులన్నిటినీ ఆపేశాడు. మరుక్షణం 14వ క్లాసు సిమ్ ఉన్న అగ్నిమాపక అధికారి ఫోను చేశారు. కాల్ కలవలేదు. ఎందుకు?

ఎక్కువమంది రాసిన జవాబు, ఆయనకు 15 ఇచ్చి ఉండాల్సిందని. కాదు. 11 నుంచి 15 వరకు ఉన్నవి వర్గాలు, మెట్లు కావు. 12 భద్రతా దళాలది, 13 నీరు, గ్యాసు వంటి సంస్థలది, 14 అత్యవసర సేవలది, 11, 15 నెట్‌వర్క్ వారివి. 12, 13, 14 సొంత దేశంలోనే చెల్లుతాయన్నదీ గుర్తుంచుకోండి. అత్యవసర కాల్స్‌కు సంబంధించిన 10 సంగతి రెండో పాఠంలో అయిపోయింది.

అసలు కారణం వేరు. క్లాసులను ఆపితే కొత్తగా వచ్చేవారు గడప దగ్గరే ఆగిపోతారు. అప్పటికే లోపల ఉన్నవారిని అది కదిలించదు. ఒకామె తమ్ముడు క్షేమమని విన్నాక కూడా ఫోను పెట్టలేక మాట్లాడుతూనే ఉంది. పక్కన ఒకరు పొగను వీడియో తీసి పంపుతున్నారు. వారి చోటు వారిదే. అధికారి ఫోను గడప దాటింది, లోపల ఖాళీ లేదు.

లోపలి చోటును పంచేది ఏఆర్‌పీ (అలొకేషన్ అండ్ రిటెన్షన్ ప్రయారిటీ), అంటే చోటు ఎవరికి ఇవ్వాలి, ఎవరిది నిలపాలి అని ప్రతి కనెక్షన్‌కూ రాసే ప్రాధాన్యం. 1 నుంచి 15 వరకు స్థాయిలు, ఇక్కడ 1 అన్నిటికన్నా పైది. స్థాయితో పాటు అవును, కాదు అనే జవాబులు రెండు: ఈ కనెక్షన్ ఇతరులను తప్పించి వారి చోటు తీసుకోగలదా? తనను ఇతరులు తప్పించవచ్చా?

నన్ను ఎక్కువ బాధపెట్టే పొరపాటు ఈ రెండో ప్రశ్నను వదిలేయడం. అధికారికి స్థాయి 1, "తప్పించగలదు" అని రాసి పని అయిపోయిందనుకుంటారు. మామూలు కనెక్షన్లన్నీ "తప్పించరాదు" అని ఉంటే ఆ 1 ఎవరిని కదిలిస్తుంది? ఎవరినీ కాదు. 3 పెట్టినా అంతే, 2 పెట్టినా అంతే. కాబట్టి ఏఆర్‌పీ పట్టికలో నేను ముందు మామూలు కనెక్షన్ల వరుస నింపుతాను, అధికారి వరుస ఆ తర్వాతే. బాధితులు చేసే అత్యవసర కాల్స్‌కు మాత్రం "తప్పించరాదు" అని నేనే రాస్తాను. శిథిలాల కింది గొంతును తెంచి ఇంకొకరికి చోటివ్వడం రక్షణ కాదు.

2005 జులై 7న లండన్‌లో బాంబు పేలుళ్ల తర్వాత పోలీసుల కోరికపై ఆల్డ్‌గేట్ చుట్టూ సుమారు ఒక కిలోమీటరు మేర ఒక నెట్‌వర్క్‌ను ప్రజలకు మూసేశారు. అలాంటప్పుడు ప్రత్యేక క్లాసు సిమ్ ముందే తీసుకోనివారు, సహాయ సిబ్బందే అయినా, జనంతో పాటు బయటే.

ఎల్‌టీఈలో (4జీలో) పూర్తిగా మూయనక్కరలేదు. టవరు 0.30 అని ప్రసారం చేస్తే నూటికి సుమారు 30 ప్రయత్నాలు గడప దాటుతాయి. మిగతావి, నిరీక్షణ 64 సెకన్లు అని పెడితే, 45 నుంచి 83 సెకన్ల మధ్య ఒక్కోటి ఒక్కో వేళకు తిరిగి వస్తాయి, గుంపుగా రావు. నేను 0.50తో మొదలుపెడతాను. సున్నా నాకు ఇష్టం లేదు: ఇంటివారి క్షేమం తెలియని జనం ఘటనాస్థలానికే పరుగెత్తుతారు.

అభ్యాసం: టవరులో 20 కాల్స్‌కు చోటుంది. 18 మామూలువి, 2 బాధితుల అత్యవసర కాల్స్. ముగ్గురు వచ్చారు: స్వదేశపు 14వ క్లాసు అధికారి, పరదేశపు 14వ క్లాసు సహాయకుడు, తన సిమ్ ఇంట్లో మరిచి స్నేహితుడి ఫోను తెచ్చుకున్న వైద్యురాలు. క్లాసులు ఆపకముందు, 0.30 పెట్టాక, పూర్తిగా ఆపాక ఒక్కొక్కరికి గడప దగ్గర ఏమవుతుంది, లోపల ఏమవుతుంది? ఏఆర్‌పీ విలువలు మీరే నిర్ణయించి, ఎందుకో ఒక్కో వాక్యం రాయండి. పాఠం చూడకుండా చేయండి.