కొత్త ఉద్యోగి చేరకముందే పేరు సరిచూడండి

చేరే తేదీకి వారం ముందే ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు తెప్పించుకుని పేరు అక్షరం అక్షరం పోల్చండి. మన దగ్గర తంటా అంతా ఇంటిపేరుతోనే. ఒక కార్డులో పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క పొడి అక్షరమే. అలాగే వదిలేస్తే పీఎఫ్ కేవైసీ (గుర్తింపు వివరాల ధ్రువీకరణ) ఆగిపోతుంది. రేపు డబ్బు అవసరమైనప్పుడు పాపం ఆ మనిషే తిరగాలి. ఇదివరకు ఎక్కడైనా పనిచేసి ఉంటే పీఎఫ్ డిక్లరేషన్ ఫారం 11లో పాత 12 అంకెల యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) రాయించండి, కొత్తది తీయకండి.

మొదటి రోజుకు లాప్‌టాప్, లాగిన్ సిద్ధంగా ఉండాలి. తోడుగా పక్క సీటువారిని పెట్టండి, మేనేజర్‌ని కాదు. ప్రింటర్ ఎక్కడ, సెలవు ఎవరిని అడగాలి లాంటివి పైవాళ్లను అడగడానికి మొహమాటపడతారు. భోజనానికి కూడా ఆ తోడే వెంటబెట్టుకెళ్లాలి. రెండో రోజుకల్లా చిన్నదైనా అసలు పని చేతికివ్వండి.