దసరా రిలీజ్‌కు ముందు యూఐ లైబ్రరీ మారుస్తున్నారా?

దసరా ఆఫర్లకు మూడు వారాల ముందు యాప్ టీముల్లో టెన్షన్ మామూలే. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "పనిలో పనిగా యూఐ లైబ్రరీ కూడా కొత్త వెర్షన్‌కు మార్చేద్దాం" అంటారు. యూఐ లైబ్రరీ అంటే బటన్లు, శీర్షికల వంటి స్క్రీన్ భాగాలను రెడీమేడ్‌గా ఇచ్చే కోడ్. వీలైతే పండగ అయ్యేదాకా ఆగమనండి. తప్పదంటే మాత్రం ముందే జాగ్రత్త పడాలి. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు రెండూ చేసే రియాక్ట్ నేటివ్ గురించి నేను చెబుతున్నాను. అలాంటిదే అయిన ఫ్లట్టర్ వాళ్లకూ ఇందులో చాలా వరకు పనికొస్తుంది.

లైబ్రరీలోని బటన్‌ను ప్రతి స్క్రీన్‌లోనూ నేరుగా వాడకండి. మీ సొంత బటన్ ఫైల్ ఒకటి పెట్టుకుని, దాని లోపల మాత్రమే లైబ్రరీని పిలవండి. నేటివ్‌బేస్ అనే లైబ్రరీ చేసినవాళ్లు గ్లూస్టాక్ అనే మరో లైబ్రరీ వైపు వెళ్లిపోయినప్పుడు, ఇలా చేసుకున్నవాళ్లు ఒక్క ఫోల్డర్ దిద్దుకుంటే సరిపోయింది. మిగతావాళ్లు స్క్రీన్లన్నీ తిరగరాయాల్సి వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తగిలేది తెలుగు అక్షరాలకు. ఈ లైబ్రరీల థీమ్‌లు ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో తయారైనవి. రియాక్ట్ నేటివ్ పేపర్ అనే లైబ్రరీలో పెద్ద టైటిల్ సైజు 22, లైన్‌హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) 28. ఒత్తు కింద ఒత్తు వచ్చే మన భాషకు అది ఇరుకు. ఒకసారి మా యాప్‌లో "వస్త్రాలు" అనే శీర్షికకు కింది ఒత్తులు తెగిపోయాయి. టెస్టింగ్ అంతా ఇంగ్లిష్‌లోనే చేశాం కాబట్టి, కస్టమర్లు స్క్రీన్‌షాట్లు పంపేదాకా మాకు తెలియలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి 22 సైజుకు లైన్‌హైట్ 34 దాకా ఇస్తున్నాను. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) సున్నా చేస్తాను. బటన్‌కు ఎత్తు బిగించను, కనీస ఎత్తు మాత్రమే పెడతాను. "రాష్ట్రం", "స్త్రీలు", "వస్త్రాలు" అన్న మాటలతో ఒక టెస్ట్ స్క్రీన్ చేసి, ఫోన్‌లో ఫాంట్ సైజు పూర్తిగా పెంచి చూడండి. పెద్దవాళ్లు చాలామంది అలాగే వాడతారు. డిజైన్ చెదురుతోందని ఫాంట్ స్కేలింగ్ ఆపేయడం వాళ్లకు అన్యాయం.

ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేస్తే, అంటే యాప్‌ను ఆ వెర్షన్ నియమాలకు తగ్గట్టు బిల్డ్ చేస్తే, ఆ వెర్షన్ ఉన్న ఫోన్లలో యాప్ స్క్రీన్ స్టేటస్ బార్, నావిగేషన్ బార్ల కిందికి కూడా పరుచుకుంటుంది. అడుగున ఉన్న పేమెంట్ బటన్ వాటి వెనక ఇరుక్కుందేమో చూడండి. సేఫ్ ఏరియా (బార్ల వెనక పడని భాగం) సరిచేయకుండా రిలీజ్ చేయొద్దు.

ప్యాకేజీ ఫైల్‌లో లైబ్రరీ వెర్షన్ ముందున్న కేరెట్ గుర్తు (^) తీసేయండి, లేకపోతే దానంతటదే కొత్త వెర్షన్ వచ్చేయొచ్చు. ఏ వెర్షన్లు వాడారో రాసి ఉంచే లాక్ ఫైల్‌ను, కోడ్ దాచే గిట్‌లో పెట్టండి.

ప్లే స్టోర్‌లో మొదట 5 శాతం మందికే వదలండి. యాప్ స్టోర్ దశలవారీ విడుదలకు 7 రోజులు పడుతుంది, కాబట్టి పండగకు కనీసం పది రోజుల ముందే మొదలుపెట్టాలి. తేడా వస్తే ప్లే స్టోర్‌లో పాత వెర్షన్ నంబర్‌తో వెనక్కి వెళ్లలేం. అందుకే పాత కోడ్‌ను ఇంకా పెద్ద వెర్షన్ నంబర్‌తో బిల్డ్ చేసి, టెస్ట్ చేసి, సిద్ధంగా ఉంచుకోండి.