చిటికెన వేలికి బరువు

బెంగళూరు మల్లేశ్వరంలో మా అద్దింట్లో ఒక డిజిటల్ పియానో ఉంది. జర్మన్ స్వరకర్త శూమన్ 1838లో రాసిన ‘ట్రాయ్‌మెరాయ్’ అనే పియానో రచన వాయిస్తుంటే అక్క వంటింట్లోంచి “అందులో పాట ఏదిరా? అంతా గోలగా ఉంది” అంది. నిజమే. పాట పై స్వరాలు నొక్కే చిటికెన వేలిది, గట్టిగా మోగుతున్నది బొటనవేలు. చిటికెన వేలితో పొడిచి చూశాను, మణికట్టు నొప్పి పుట్టింది, అంతే.

చివరికి పనిచేసింది ఇది: ఒక్క కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుత్తి) తీసుకుని, పై స్వరాన్ని కీ అడుగుదాకా నొక్కుతూ, మిగతా కీలను చప్పుడు రాకుండా ఊరికే తాకడం. చేతిని కాస్త బయటికి వాల్చి, బరువు చిటికెన వేలి మీదికి దించాను. కింది స్వరాలను తర్వాత మెల్లగా పలకనిచ్చాను. స్వరాలను సాగదీసే కాలి పెడల్‌ను వారం పాటు ముట్టుకోలేదు. అది తప్పులన్నీ కప్పేస్తుంది.

నిన్న అక్క పోపు వేస్తూ అదే కూనిరాగం తీసింది.